అత్తగారి గది కింద రెండు గుంతలు

నత్త మేస్త్రి అని ఆయనకు పేరు పెట్టింది నేనే. పునాది తవ్వి నాలుగు రోజులైనా కాంక్రీటు పోయకుండా, చెప్పులు విప్పి కందకంలోకి దిగి, అడుగడుక్కీ గునపం దించి చూసుకునే మనిషిని ఇంకేమనాలి? నాకసలే ఆగే తత్వం లేదు. పైగా చేతిలో ఉన్నవి ఐదు వారాలే.

మా అత్తగారు తుంటి ఎముక విరిగి ఆస్పత్రిలో ఉన్నారు. ఐదు వారాల్లో ఇంటికి పంపుతామనీ, ఇక మెట్లెక్కకూడదనీ అన్నారు డాక్టరు. మా ఇంట్లో పడకగదులన్నీ మేడమీదే. కింద గది లేకపోతే ఆవిడ ఆస్పత్రి నుంచి నేరుగా మా ఆడపడుచు ఇంటికి వెళ్లిపోతారు. వెళ్లారంటే ఇక రారు. ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదని అక్కడే సర్దుకుపోతారు. ఇరవై రెండేళ్లుగా ఒకే వంటింట్లో పోట్లాడుకుంటున్న వాళ్లం మేం. ఆవిడ లేని ఇంట్లో నేనెవరితో పోట్లాడాలి? అందుకే వంటింటి వెనక గది వేయిస్తున్నాం. ఆ సంగతి ఆవిడకు చెబితే వద్దని ఆపించేస్తారని మా ఆయనా నేనూ నోరు కుట్టేసుకున్నాం.

ఐదో రోజు, మూడో మూలలో, మేస్త్రి గునపం సగానికి పైగా దిగబడిపోయింది. మట్టి తీస్తే విరిగిన బండ, దాని కింద నల్లటి గొయ్యి.

"పాతకాలం మరుగుదొడ్డి గుంతమ్మా. బండ కప్పి మట్టి పోసేశారు," అన్నారు మేస్త్రి.

"అయితే రాళ్లూ రప్పలూ వేసి పూడ్చేసి కాంక్రీటు పోసేయండి."

"పోయను."

"ఏం, ఎందుకు పోయరు?"

"లోపల ఎంతుందో తెలీకుండా పోస్తే రేపు గోడ బీటలిస్తుంది. ఆ గోడ పక్కన పడుకునేది మీ అత్తగారని మీరేగా చెప్పారు. అంత తొందరగా ఉంటే ఇంకొకర్ని పిలుచుకోండి."

నోటికి ఏదొస్తే అది అనేశాను. ఆయన అన్నీ విని, గునపం కడుక్కుని, ఇటుకల దొంతర మీద కూర్చున్నారు. "ఈ ఇంటి పాత సంగతులు తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని మాత్రం అడిగారు.

మా ఆయన నా మొహం చూశారు. తెలిసిన మనిషి ఒక్కరే. మేం ఎవరి దగ్గర దాస్తున్నామో ఆవిడే.

ఆస్పత్రికి వెళ్లి, మంచం పక్కన కూర్చుని విషయం చెప్పాను. అత్తగారు తలవాచేలా చీవాట్లు పెట్టారు. "నాకెందుకే గది? ఎవరడిగారు నిన్ను?" అంటూ అంటూ ఉన్నట్టుండి ఆగిపోయారు.

"ఒక్కటే దొరికిందా?"

"ఒక్కటే అంటే?"

"రెండు గుంతలున్నాయే అక్కడ. మీ మామగారూ నేనూ దగ్గరుండి కప్పించాం. రెండోది పెద్దది. మొదటిదానికి అయిదారడుగులు ఇవతల, వంటింటి వైపు."

లారీడు ఇటుకలు దింపించింది సరిగ్గా అక్కడే. వాటి మీదే మేస్త్రి కూర్చున్నారు. ఫోన్ చేస్తే ఆయన ఏడో రింగుకి గానీ ఎత్తలేదు.

"మేస్త్రిగారూ, అక్కణ్ణుంచి లేవండి!"

"లేస్తానమ్మా. ఇంకా కోపం తగ్గలేదా?"

"కోపం కాదు, మీ కింద గొయ్యి ఉంది!"

ఆయన పరుగెత్తడం మా ఆయన ఆ రోజే చూశారట.

ఇటుకలన్నీ జాగ్రత్తగా పక్కకు తీసి, మట్టి గీకితే బండ బయటపడింది. ఈ చివర నుంచి ఆ చివరకు చెయ్యి పట్టేంత పగులు. అత్తగారి మంచం వేద్దామనుకున్నది అక్కడే. మేస్త్రి మొండికేయకపోతే నేను ఆవిడను అడిగేదాన్నే కాదు. క్షమించమని అడిగితే, "దానికేముందమ్మా" అని ఆయన మళ్లీ పనిలోకి దిగారు. ఆ మనిషికి నేను జన్మంతా రుణపడి ఉంటాను.

రెండు గుంతలూ శుభ్రం చేసి, కంకర, ఇసుక పొరలు పొరలుగా పోసి, నీళ్లు కొట్టి దిమ్మిసాతో కుదించి గట్టిపరిచేసరికి మూడు వారాలు గడిచిపోయాయి. డిస్చార్జి రోజుకి గది గోడలు మోకాలెత్తు దాటలేదు.

ఆడపడుచు కారు తెచ్చింది. అత్తగారి బట్టల సంచి నేనే మోసుకెళ్లి అందులో పెట్టాను. ఏడుపు ఆపుకోవడానికి నానా తంటాలూ పడ్డాను. ఆవిడ వాకర్ పట్టుకుని కారు దాకా వచ్చి, ఎక్కకుండా నిలబడ్డారు.

"ఆ సంచి దించవే," అన్నారు కూతురితో. "మా ఇంట్లో పని జరుగుతోంది. నేను లేకపోతే ఎలా?"

హాల్లో మంచం వేశాం. మర్నాడు పొద్దున్నే ఆవిడ వంటింటి గుమ్మంలో కుర్చీ వేయించుకుని, మేస్త్రి పని చూస్తూ కూర్చున్నారు. నేను పక్కన చేరి, "మీరు ఇంటికొచ్చారు, అదే చాలు అత్తయ్యా," అన్నాను.

ఆవిడ మేస్త్రి పని మీంచి చూపు తిప్పకుండానే, "కిటికీ ఎటు పెట్టిస్తున్నావ్?" అని అడిగారు.

"పెరటి వైపు. గాలి బాగా వస్తుందని."

"గాలికేం, ఇంకోటి పెట్టించు. ముందు వంటింటి గోడకి ఒకటి పెట్టమను. నువ్వు అరుస్తుంటే నాకు వినబడొద్దూ?"

"మేస్త్రిగారూ, వంటింటి గోడకి ఓ కిటికీ!" అని అక్కణ్ణుంచే అరిచాను.