బంతి వెనక ఉరకొద్దు

బాలమణికి అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. తను దగ్గర లేని పూట ఏడు నెలల పిల్ల పాల కోసం ఏడ్చి ఏడ్చి, గొంతు పోయి ఊరుకుంటుంది. నిద్రపోయిందనుకుని ఎవరూ దగ్గరికి రారు. పిల్ల పుట్టిన నాటి నుంచి ఈ భయం ఆమె కొంగు పట్టుకుని తిరుగుతూనే ఉంది. బోరింగు దగ్గరికి బిందె తీసుకుపోయినా వెనక్కి చూసుకుంటూనే పోయేది. మొదట్లో ఆ భయంలో జ్వరాలూ లారీలూ మాత్రమే ఉండేవి. ఈ తొంభై ఒకటి ఫిబ్రవరిలో అందులోకి పోలీసులు కూడా వచ్చి చేరారు.

ఆ పొద్దున ఆడబిడ్డ సుగుణ టిఫిన్ డబ్బా మరిచి కాలేజీకి పోయింది. బాలమణి పిల్లను చంకనేసుకుని డబ్బా ఇవ్వడానికి బయలుదేరింది. సిద్దిపేటలో కమిటీ వాళ్ళు నడిపే ఆడపిల్లల కాలేజీ అది. వెనక వాలీబాల్ కోర్టు ఉంది. అక్కడ ఇద్దరు మనుషులు నెట్టు కట్టే ఇనుప స్తంభాన్ని రంపంతో కోస్తున్నారు. నెట్టు అప్పటికే మట్టిలో పడి ఉంది. కమిటీ ప్రెసిడెంటు రాధాకిషన్ నీడలో కుర్చీ వేయించుకుని చూస్తున్నాడు. పన్నెండు మంది ఆడపిల్లలు ఆట బట్టల్లో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డారు. సుగుణ ఏడుస్తోంది.

కోచ్ స్వరాజ్యలక్ష్మి ఒక్కతే రంపం పక్కకు పోయి అడిగింది.

"ఎవలనడిగి కోస్తున్రు?"

"ఎవలనడగాలె? కాలేజి మాది, జాగ మాది. ముందట రోడ్డున్నది, కిరాయికి పదహారు దుకాణం మడిగెలు దిగుతయి గీడ," అన్నాడు రాధాకిషన్. "అయినా ఆడివిల్లలు లాగులేసుకోని ఎగురుడేందమ్మా? ఈళ్ళ అవ్వనాయినలు సదువుకు పంపిన్రా, సర్కసుకు పంపిన్రా?"

"మడిగెల తాళాలు ఎవల జేబుల ఉంటయి సేటూ? కాలేజి జేబులనా, నీ జేబులనా?"

ఏడుస్తున్న పిల్లలు కూడా కిసుక్కుమన్నారు. రాధాకిషన్ నవ్వలేదు. "పంతులమ్మవు, పంతులమ్మ తీరుగ ఉండు. రేపు కూలోళ్ళొస్తరు, పునాదులు తోడుతరు," అని లేచిపోయాడు. స్తంభం విరిగి పడింది. ఆ చప్పుడుకు చంకలో పిల్ల ఉలిక్కిపడింది.

ఆ కోర్టు ఏమిటో బాలమణికి తెలుసు. స్వరాజ్యలక్ష్మి తల్లి దౌల్తాబాద్ రోడ్డు మీద కంకర కొట్టిన మనిషి. బిడ్డ నిటారుగా పెరిగిందని బడి పంతులు నెట్టు దగ్గర నిలబెట్టాడు. అక్కడి నుంచి ఆమె యూనివర్సిటీ జట్టు దాకా ఆడింది. రాష్ట్ర జట్టును ఎంచే రోజు ఒక ఆఫీసరు కూతురికి చోటు కావలసి వచ్చింది. స్వరాజ్యలక్ష్మి పేరు కొట్టేశారు. మరుసటి ఏడు కుడి మోకాలు పోయింది. ఎనభై రెండులో ఈ కాలేజీకి వచ్చినప్పుడు వెనకంతా తుమ్మ చెట్లూ పాములూ. ఆమే పార పట్టి చదును చేసింది, ముగ్గుపిండితో గీతలు గీసింది. ఇంటింటికీ తిరిగి పిల్లల్ని అడిగింది. ముఖం మీద తలుపు వేసిన వాళ్ళే, పిల్ల జిల్లా పోటీల్లో కప్పు తెస్తే దాన్ని దుకాణంలో దేవుడి పటం పక్కన పెట్టుకున్నారు. ఆట సాగినంత కాలం పిల్లకు చదువు సాగింది. ఇదే కోర్టులో ఆడిన బాలమణికి ఇంటర్ మొదటి ఏడులో ఆట మాన్పించారు. ఆర్నెల్లు తిరగకుండా చదువూ పోయింది, లగ్గమూ అయింది. అందుకే సుగుణను తనే తీసుకుపోయి, పిల్లలంతా అక్కా అని పిలిచే స్వరాజ్యలక్ష్మి చేతిలో పెట్టింది.

అక్క నేర్పినవి చాలా మరిచిపోయినా ఒక్క కేక మాత్రం చెవిలో ఉండిపోయింది. కొత్త పిల్లలు బంతి ఎటు పోతే అటు ఆరుగురూ మూగేవాళ్ళు. కోర్టు ఖాళీ అయ్యేది. అవతలి జట్టు ఆ ఖాళీలో నింపాదిగా బంతి పడేసేది. "బంతెనుక ఉరకకుండ్రే! మీ జాగ ఇడవకుండ్రి!" అని అక్క గొంతు చించుకునేది.

మరునాడు గడ్డపారలూ తట్టలూ పట్టుకుని కూలీలు వచ్చారు. పిల్లలు చేతులు చాచి అడ్డం నిలబడ్డారు.

"మా నోటికాడి బువ్వ గుంజకుండ్రి బిడ్డా," అంది కూలీల్లో పెద్దది పెంటవ్వ. "మీది ఆట, మాది కూలి. మా పిల్లలు ఎన్నడన్న ఆడిన్రా?"

"నీ బిడ్డ ఏం జేస్తది అవ్వా?" అంది స్వరాజ్యలక్ష్మి.

"ఏం జేస్తది? నా ఎనుకనే తట్ట మోస్తది. పదో తరగతి పాసైంది. కాలేజికి తోలుకొస్తే సీట్లు లెవ్వన్నరు."

"ఎవలన్నరు?"

"గీ సేటే అన్నడు."

స్వరాజ్యలక్ష్మి బంతి తెచ్చి ఆమె చేతుల్లో పెట్టింది. "మా అవ్వ గిదే తట్ట మోసింది. గా తట్ట నా నెత్తి మీదికి రాలేదంటే గీ గీతల లోపట నిలబడ్డందుకే. నీ బిడ్డను తోలుకరా, సీటు సంగతి మనమందరం అడుగుదాం. ముందుగాల నువ్వొక దెబ్బ కొట్టు."

పెంటవ్వ తట్ట దించింది. కొంగు బొడ్లో దోపుకుని రెండు చేతులతో బాదితే బంతి పక్కకు పోయి మేస్త్రీ దేవరాజు తలపాగ ఎగరగొట్టింది. కూలీలూ పిల్లలూ పడీ పడీ నవ్వారు.

"గిది లెక్కకొస్తదా బిడ్డా?"

"వస్తదవ్వా, మంచిగ తగలాల్సినోనికే తగిలింది!"

ఆ రోజు ఒక్క గుంత కూడా తవ్వలేదు.

మూడో రోజు జీపు వచ్చింది. "అన్నలకు అన్నం పెడుతున్నవంట గదా మేడం, నడువు," అన్నాడు ఎస్సై. ఆట బ్యాగులో నక్సలైట్ల కరపత్రాలు దొరికాయన్నాడు. గాలి పంపూ, మోకాలి పట్టీ తప్ప అందులో ఏమీ లేవని పిల్లలంతా చూశారు. జబ్బ పట్టి లాగుతుంటే కుడి కాలు మడతపడి ఆమె కింద పడింది. అట్లాగే ఎత్తి జీపులో తోశారు. జీపు కదిలాక కూడా ఆమె చెయ్యి ఊపుతూ ఏదో అరుస్తూనే ఉంది.

పిల్లలు జీపు వెనక పరుగెత్తారు. సుగుణ ఇంటి ముందు నుంచి కేకేస్తూ పోయింది: "వదినే, అక్కను పట్టుకపోయిన్రు!" బాలమణి నిద్రపోతున్న పిల్లను అత్త విమలమ్మకు అప్పజెప్పి, చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికింది. పెంటవ్వా, కూలీ ఆడవాళ్ళూ కూడా ఉరికారు. ఠాణా ముందు పొద్దు గూకే దాకా కూర్చున్నారు. "ఏ మేడం? గీడ ఏ మేడం లేదు," అన్నాడు గేటు దగ్గరి జవాను, పళ్ళు కుట్టుకుంటూ. పాలు చేపుకొచ్చి బాలమణి రవిక తడిసింది. కొంగు కప్పుకుని కూర్చుంది.

తిరిగి వచ్చేసరికి కోర్టు లేదు. మోకాటి లోతు కంకర. గీతలు లేవు, నెట్టు లేదు. మిగిలిన ఒక్క స్తంభం కంకరలోంచి పొడుచుకుని ఉంది. వేరే ఊరి నుంచి మనుషుల్ని తెచ్చి ఒక్క పూటలో పోయించాడు రాధాకిషన్.

ఇంట్లో పిల్లకు గొంతు లేదు. ఏడవడానికి నోరు తెరుస్తోంది గానీ చప్పుడు రావడం లేదు. బాలమణి రొమ్ము నోటికందించి గోడకు ఒరిగింది.

"సేటు కబురు పెట్టిండు," అన్నాడు భర్త నాగేశం. వాళ్ళ బట్టల దుకాణం ఉన్నది రాధాకిషన్ మడిగెలోనే. "నీ పెండ్లాం మళ్ళ గాడ కనవడితే దుకాణం ఖాళీ చెయ్యమన్నడు. నాకు భయమైతుంది బాలమణీ."

"నాకు గూడ భయమే," అంది బాలమణి. "గీ పిల్ల పెద్దదైతే ఏడ ఆడాలె? ఆని మడిగెలనా?"

మూల నుంచి విమలమ్మ గొణిగింది: "నేను ఏడో తరగతి కాడనే ఆగిన. అడిగినోడు ఎవడున్నడు?"

తెల్లవారి అందరూ కంకర కుప్ప మీదే కూడారు. ఒకళ్ళు కలెక్టరుకు అర్జీ రాద్దామన్నారు. ఇంకొకళ్ళు హైదరాబాద్ పోదామన్నారు. సుగుణ మళ్ళీ ఠాణాకే పోదామంది. ఎన్నడూ నలుగురిలో నోరెత్తని బాలమణి పిల్లను భుజానేసుకుని లేచింది.

"నిన్న మనం ఏం జేసినం? జీపెనుక ఉరికినం. అందరం ఉరికినం. తొమ్మిదేండ్ల సంది అక్క ఏమని అరిచింది? గా జీపులకెళ్ళి ఏమని అరిచింది? మనం జాగ ఇడిసినం, ఆడు కంకర పోసిండు."

"మరి అక్కను ఇడిసిపెట్టాల్నా వదినే?" సుగుణ గొంతులో కోపం.

"ఆళ్ళు అక్కను గుంజుకపోయిందే మనల్ని గీడికెళ్ళి లేపాలని. జాగ మన చేతుల ఉన్నన్ని దినాలు అక్క సంగతి ఊరంత అడుగుతది. జాగ పోతే అక్కను అడిగేటోడే ఉండడు."

పెంటవ్వ తన తట్ట తీసి కుప్పలో గుచ్చింది. "పోసినోళ్ళు కూలోళ్ళే, తీసేటోళ్ళు గూడ కూలోళ్ళే. పట్టుండ్రి!"

మధ్యాహ్నానికల్లా కంకర రోడ్డు పక్కకు చేరింది. విరిగిన స్తంభాన్ని మళ్ళీ పాతారు. విమలమ్మ రొట్టెల మూటతో వచ్చింది. రెండు స్తంభాలకూ మధ్య తాడు సాగదీసి, దానికి తన పాత చీరతో తొట్టెల కట్టింది. బాలమణి పిల్లను అందులో పడుకోబెట్టి ముగ్గుపిండితో గీతలు గీసింది. ఆరుగురు ఆరు చోట్ల కూర్చున్నారు. మిగతా వాళ్ళు గీత బయట.

పోలీసులు వచ్చి సుగుణను ఎత్తుకుపోయారు. ఎవరూ వెనక ఉరకలేదు. బయటి నుంచి ఒక పిల్ల లోపలికి వచ్చి సుగుణ జాగలో కూర్చుంది. ఆ పిల్లనూ ఎత్తారు. పెంటవ్వ వచ్చింది. పెంటవ్వను ఎత్తితే తట్ట మోసే ఆమె బిడ్డ వచ్చింది. పొద్దు వాలే లోపు పదకొండు మందిని ఎత్తారు. లోపల ఆరుగురూ ఆరుగురే. బాలమణి తొట్టెల పక్కనే కూర్చుని ఊపుతోంది. ఎస్సై ఆమె మీదికి వచ్చాడు, తొట్టెల చూసి ఆగాడు. రోడ్డు మీద పోయే జనం అప్పటికే గోడ మీదికెక్కి చూస్తున్నారు. దుకాణం మూసుకుని వచ్చిన నాగేశం కూడా ఆ గోడ దిగి గీత పక్కకు వచ్చి నిలబడ్డాడు.

ఇవ్వాళ్టికి పంతొమ్మిది రోజులు. ఎత్తిన వాళ్ళను వదిలిపెట్టారు, స్వరాజ్యలక్ష్మిని వదల్లేదు. నాలుగో రోజు మెజిస్ట్రేటు ముందుకు తెచ్చినప్పుడు ఇద్దరు పట్టుకుంటే గాని నిలబడలేదట. కుడి మోకాలు కుండంత వాచి ఉందట. అక్కడి నుంచి జిల్లా జైలుకు పంపారు. కన్నతల్లి పోయింది, రక్తసంబంధీకులకు తప్ప ములాఖాత్ లేదంటున్నారు. ఆ ఆరుగురు జాగ విడిచి పోలేరు, పోతే మరునాడే కంకర వస్తుంది.

మీరు పోగలరు. ఆ దారిన వెళ్ళే వాళ్ళెవరైనా జైలు గేటు దగ్గర ఆగండి. ఏమవుతావని అడిగితే చెల్లెనని చెప్పండి, తమ్ముణ్ణని చెప్పండి. ఆమె మోకాలు వాపు దిగిందో లేదో చూడండి, నిలబడగలుగుతోందో లేదో చూడండి. ఎవరూ జాగ విడవలేదని ఆమెకు చెప్పి, వచ్చి ఆ ఆరుగురికి ఒక్క మాట చెప్పిపోండి. స్వరాజ్యలక్ష్మి అని పూర్తి పేరు అడగండి. అట్లాంటి మనిషి ఇక్కడ లేదంటారు. అక్కడే నిలబడి మళ్ళీ అడగండి.