ఓపికగా విన్నాను

1998 జూలై పదిహేను, బుధవారం. పొద్దున పదకొండింటికి పట్టాభిరామయ్య నాలుగు కాగితాలు తెచ్చి శివశంకర్ టైపు మిషను పక్కన పెట్టాడు.

"మధ్యాహ్నానికల్లా డ్రాఫ్టు కావాలయ్యా."

శేరిలింగంపల్లి మండలంలోని ఒక ఊళ్లో కంప్యూటర్ కంపెనీల కోసం నూట నలభై ఎకరాలు తీసుకుంటామని ప్రభుత్వం నోటీసు ఇచ్చింది. అరవై ముగ్గురు రైతులు అభ్యంతరాలు రాసి ఇచ్చారు. వాళ్లను పిలిచి, విని, ప్రభుత్వానికి రిపోర్టు పంపాల్సిన భూసేకరణ అధికారి పట్టాభిరామయ్య. శివశంకర్ ఆ ఆఫీసులో టైపిస్టు. కడప జిల్లా నుంచి వచ్చి హఫీజ్‌పేట్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. సాయంత్రాలు అబిడ్స్ వెళ్లి లా చదువుతున్నాడు.

రెండో కాగితంలో శివశంకర్ చేతులు ఆగాయి. 'పదిహేడవ తేదీన అభ్యంతరదారులందరినీ విన్నాను. నిర్దిష్టమైన కారణం ఎవరూ చూపలేదు. అభ్యంతరాలు తోసిపుచ్చవచ్చు' అని ఉంది. అతను క్యాలెండర్ వైపు చూశాడు. లేచి అధికారి గదిలోకి వెళ్లాడు.

"సార్, విచారణ శుక్రవారం కదా?"

"అవును. సోమవారం పొద్దున ఈ రిపోర్టు సెక్రటేరియట్‌లో ఉండాలి. శుక్రవారం విని, శనివారం రాసుకుంటూ కూర్చోమంటావా?"

"వాళ్లు ఏం చెప్తారో..."

"ముప్ఫై ఏళ్లుగా వింటున్నాను, వాళ్లేం చెప్తారో నాకు తెలీదూ? నువ్వు లా చదువుతున్నావు, నేను ఉద్యోగం చేస్తున్నాను. వెళ్లి కొట్టు."

మూడింటికి డ్రాఫ్టు ఆకుపచ్చ సిరాతో దిద్దుబాట్లు పడి తిరిగొచ్చింది. రెండు కామాలు. ఒక స్పెల్లింగు. 'విన్నాను' అన్న మాటకు ముందు 'ఓపికగా' అని చేర్చాడు. అడుగున పొట్టి సంతకం, దాని కింద తారీఖు: 15-7-98. ఏ కాగితం మీద సంతకం పెట్టినా కింద తారీఖు వేయకుండా ఆయన చెయ్యి పైకి లేవదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరో తహసీల్దారు తిట్టి నేర్పిన అలవాటు.

శివశంకర్ ఫెయిర్ కాపీ కొట్టాడు. డ్రాఫ్టుకు ఎర్ర సిరాతో ఎనభై ఏడో పేజీ అని నంబరు వేసి ఫైల్లో కుట్టాడు. ప్రతి డ్రాఫ్టుకూ చేసే పనే ఇది.

గురువారం సాయంత్రం క్లాసులో అడ్మినిస్ట్రేటివ్ లా పాఠం నాగమణి మేడం చెప్పింది. పగలు హైకోర్టులో ప్రాక్టీసు చేస్తుంది. ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం మంచిదా చెడ్డదా అని కోర్టు చూడదని, దాన్ని తీసుకున్న పద్ధతి సరైనదా కాదా అని మాత్రమే చూస్తుందని చెప్పింది. శివశంకర్ లేచాడు.

"వినకముందే రాసిపెట్టుకుంటే, మేడం?"

"వినడం ఉత్తదైపోతుంది, ఆర్డరు కొట్టేస్తారు. కానీ రుజువేదీ? తప్పు చేసి దాని మీద తారీఖు వేసుకునే ఆఫీసరు ఉంటాడా?"

క్లాసంతా నవ్వింది. శివశంకర్ కూర్చున్నాడు.

శుక్రవారం విచారణ పదకొండింటికి మొదలై పన్నెండూ నలభైకి అయిపోయింది. అరవై ముగ్గురికి వంద నిమిషాలు. శివశంకర్ పని సంతకాలు, వేలిముద్రలు తీసుకోవడం. ఎవరేం చెప్పారో రాసుకోమని అతనికి ఎవరూ చెప్పలేదు.

పదిహేడో మనిషి సీతాబాయి. యాభై దాటిన మనిషి.

"సారూ, మాది మూడెకరాల పది గుంటలు. మీ నక్షల హద్దు గీత సక్కగ వస్తున్నది. మా పక్క తోట కాడికి రాంగనే వంగింది. తోట సుట్టూ తిరిగి మా చేన్ల పడ్డది. ఎందుకు వంగింది?"

"సరేనమ్మా, విన్నాను."

"ఇన్నవు, జవాబేది? గా తోట ఎవలిదో నీకు ఎర్క లేదా?"

"నెక్స్ట్," అన్నాడు పట్టాభిరామయ్య.

నిర్దిష్టమైన కారణం ఎవరూ చూపలేదన్న వాక్యాన్ని శివశంకర్ తన చేత్తోనే టైపు చేశాడు. సీతాబాయి వేలికి ఇంకు రాస్తుంటే అతనికి ఒళ్లు మండింది. ఆమె వేలిముద్ర వేసి, "రాసుకున్నవా బిడ్డా?" అని అడిగింది. అతను తల వంచుకున్నాడు.

రిపోర్టు సోమవారం వెళ్లింది. సెప్టెంబరులో ప్రభుత్వం భూసేకరణ ఖాయం చేసింది. పొలాల్లో సర్వే రాళ్లు పడ్డాయి. ఆ వారమే శివశంకర్ సీతాబాయి ఇంటికి వెళ్లి నాగమణి చిరునామా ఇచ్చాడు. క్లాసు అయ్యాక మెట్ల మీద మేడంను ఆపాడు.

"కేసులో ఒరిజినల్ రికార్డు తెప్పించమని అడగండి మేడం. ఎనభై ఏడో పేజీ."

ఆమె అతని వైపు చూసింది. "నీ ఉద్యోగం పర్మనెంటయిందా?"

"లేదు మేడం."

"అయితే నువ్వు నాకేమీ చెప్పలేదు. నేను మామూలుగానే రికార్డు అడుగుతాను."

రైతులు వేసిన కేసులో నవంబరు చివర్లో హైకోర్టు రికార్డు పంపమంది. శివశంకర్ ఫైలులోని కాగితాలన్నిటికీ పేజీలవారీగా జాబితా కొట్టాడు. మొత్తం నూట పన్నెండు. ఎనభై ఏడు దగ్గర 'రిపోర్టు డ్రాఫ్టు, ఆమోదించిన తేదీ 15-7-98' అని కొట్టాడు. రోజూ సంతకానికి వెళ్లే కట్టలో దాన్నీ పెట్టాడు. పట్టాభిరామయ్య కట్ట మొత్తం చదవకుండా సంతకం చేశాడు, తారీఖుతో సహా. జాబితా అదే రోజు ప్రభుత్వ న్యాయవాదికి చేరింది.

మర్నాడు ఫైలు కట్టించే ముందు ఆయన పేజీలు తిప్పాడు. ఎనభై ఏడు దగ్గర ఆగాడు.

"శివశంకర్! ఇది తీసెయ్. తర్వాతి పేజీలకి మళ్లీ నంబర్లెయ్."

"కుదరదు సార్. జాబితా నిన్ననే వెళ్లిపోయింది."

"ఎవరు పంపమన్నారు?"

"మీరే సంతకం పెట్టారు సార్."

పట్టాభిరామయ్య కుర్చీలో వెనక్కి వాలాడు. "కావాలని చేశావు. ఏవయ్యా, నీకు నేను చేసిన ద్రోహం ఏంటి? నీ చదువుకని రోజూ అయిదింటికే వదల్లేదూ?"

"వదిలారు సార్. ఆ మేలు మరిచిపోలేదు. కానీ ఆమె అడిగింది మీరు విన్నారు. ఎవరూ ఏమీ అడగలేదని నేను టైపు చేశాను."

"నూట నలభై ఎకరాలు ఆపుతావా నువ్వు? అక్కడ వేల ఉద్యోగాలు వస్తాయి!"

"రానీండి సార్. గీత తోట దగ్గర ఎందుకు వంగిందో చెప్పి తీసుకోండి."

"బయటికి పో."

నాలుగు రోజుల్లో శివశంకర్‌ను రికార్డు గదికి మార్చారు. ప్రొబేషన్ ఇంకో ఏడాది పొడిగించారు. కారణం: 'పనిలో శ్రద్ధ లేదు'. అతన్ని పిలిచి అడగలేదు. ఆ కాగితం రెండుసార్లు చదివి, మడిచి, లా పుస్తకంలో పెట్టుకున్నాడు.

డిసెంబరులో కేసు బెంచి మీదికి వచ్చింది. జడ్జి ఎనభై ఏడో పేజీ చదివి ప్రభుత్వ న్యాయవాదిని ఒకే ప్రశ్న అడిగాడు. "పదిహేనున ఓపికగా విన్నాక, పదిహేడున వీళ్లను ఎందుకు పిలిచారు?" రిపోర్టు, ప్రభుత్వ ఆదేశం రెండూ కొట్టేశాడు. ఆరు వారాల్లో మళ్లీ వినాలని, ప్రతి మనిషి మాటా రాసుకోవాలని, ప్రతి దానికీ జవాబు ఇవ్వాలని తీర్పు చెప్పాడు.

"మళ్లీ పట్టాభిరామయ్యేనా వినేది?" అన్నాడు శివశంకర్.

"ఆ కుర్చీలో ఇప్పుడున్నది ఆయనే," అంది నాగమణి.

"ఇదేం న్యాయం మేడం? మళ్లీ అదే రాస్తాడు."

"రాయొచ్చు. పరీక్షలో 'కోర్టు భూమి ఇప్పిస్తుంది' అని రాశావంటే మాత్రం నేనే సున్నా వేస్తాను. గీత ఎందుకు వంగిందో ఈసారి కాగితం మీద చెప్పాలి. చెప్పలేకపోతే మళ్లీ కోర్టుకి వెళ్దాం."

అతని కోపం తగ్గలేదు. అయినా ఆ వారంలోనే ఊరికి వెళ్లి, తీర్పులో ఏముందో రైతులకు తెలుగులో చదివి వినిపించాడు.

జనవరి అయిదు, మంగళవారం మళ్లీ పదకొండింటికే విచారణ. శివశంకర్ సెలవు పెట్టి రైతుల వెనక బెంచీ మీద కూర్చున్నాడు. పట్టాభిరామయ్య అతన్ని చూసి చూపు తిప్పుకున్నాడు. పక్కన కొత్త టైపిస్టు సుష్మ కాగితం, పెన్నుతో సిద్ధంగా ఉంది. ఈసారి మొదట పిలిచింది సీతాబాయినే.

"గీసారి రాసి పిలిచినవా సారూ, పిలిచి రాస్తవా?"

గది నిండా నవ్వులు. పట్టాభిరామయ్య నవ్వలేదు. "చెప్పమ్మా."

"గా తోట సర్వే నంబరు రెండు వందల పద్నాలుగు. దాని కాడికి రాంగనే గీత ఎందుకు వంగింది? గా తోట ఎవలిది?"

"తోట ఎవరిదన్నది ఇక్కడ అనవసరం. సుష్మా, అది రాయొద్దు."

"రాయాలె," అంది సీతాబాయి. "నేన్ చెప్పింది రాయాలని జడ్జి సాబు రాసిండు. మాకు సదివి ఇనిపిచ్చిన్రు."

వెనక అరవై రెండు మంది లేచి నిలబడ్డారు. ఎవరూ అరవలేదు. సుష్మ పెన్ను పట్టుకుని అధికారి ముఖంలోకి చూసింది.

"రాసుకో," అన్నాడు పట్టాభిరామయ్య. సీతాబాయి చెప్పినది ఆయనే ఒక్కో మాటా డిక్టేట్ చేశాడు. సర్వే నంబరు చెప్పాడు. తోట యజమాని పేరు దగ్గర గొంతు తగ్గించాడు.

"ఇనపడలే," అంది సీతాబాయి.

ఆయన ఆ పేరు మళ్లీ చెప్పాడు, గదంతా వినేలా. సుష్మ రాసింది.

"జర సదువు బిడ్డా," అంది సీతాబాయి. సుష్మ చదివింది. ఒక దగ్గర 'గుంటలు' మాట పోయింది. సీతాబాయి దాన్ని పెట్టించి, మళ్లీ మొదటి నుంచి చదివించుకుని, అప్పుడు వేలు ముందుకు చాపింది.

గోడ మీది గడియారంలో పన్నెండున్నర అయింది. రెండో మనిషి వచ్చి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.