ఎర్రబడని తొట్టి

బేగంపేట మునిగిన వరదకు మరుసటి ఎండాకాలం. యాప్రాల్‌లోని నాచు షెడ్డులో నోవహు నాలుగో తొట్టిని తెడ్డుతో కలుపుతున్నాడు. మిట్టమధ్యాహ్నం. మెడ మీద చెమట ఆరి ఉప్పు గట్టింది.

పచ్చనాచును మొదట ఎరువు వేసి పెంచుతారు. బలిసిన తరవాత ఎరువు ఆపి, నీడగుడ్డ లాగేసి, పది రోజులు మాడుస్తారు. ఆకలినీ ఎండనీ తట్టుకోవడానికి నాచు ఎర్రబడుతుంది. ఆ ఎరుపే సరుకు. కంటికి మంచిదనీ, ఒంటికి తుప్పు పట్టనివ్వదనీ దానితో చేసే గోళీల సీసా మీద రాస్తారు.

నోవహు భీమవరం దగ్గర రొయ్యల చెరువుల మీద ఇరవై ఏళ్ళు మేత చల్లిన మనిషి. మేత తప్పిన పూట అతనికి ముద్ద దిగేది కాదు. మొన్న, మాడ్పు ఏడో రోజున, ఎవరూ లేనప్పుడు ఈ తొట్టిలో రెండు గుప్పిళ్ళ ఎరువు వేశాడు. మిగతావన్నీ ఇటుకపొడిలా ఎర్రబడ్డాయి. ఇది పచ్చగానే ఉంది.

"నీ యేసుప్రభువు నీళ్ళను ద్రాక్షరసం చేసిండంట గద అన్నా," అంది పక్క తొట్టి కడుగుతున్న కమలాబాయి. "జెర గీ తొట్టి సుత ఎర్రగ చెయ్యమను."

నోవహు నవ్వలేదు. గోడ అవతల గదిలో కాలూ చెయ్యీ పడిపోయిన భార్య మేబెల్ ఉంది. గది షెడ్డువాళ్ళది. పని పోతే గదీ పోతుంది.

మూడింటికి సూపర్‌వైజర్ బ్రహ్మచారి వచ్చి, గాజుగ్లాసుతో నీళ్ళు ముంచి ఎండకెత్తి చూశాడు.

"దీంట్ల ఎరువు పడ్డది. ఎరువు గది తాళంచెవి ఎవరికాడ ఉంటది?"

"నాకాడనే సార్," అంది కమలాబాయి.

మొన్న అన్నానికి పోతూ ఆ చెవిని ఆమె నోవహు చేతిలో పెట్టి పోయింది. ఇప్పుడు అతని వంక చూసింది. నోవహు నోరు తెరిచాడు. గదిలోంచి మేబెల్, "ఏవండీ, మంచినీళ్ళు," అంది. తెరిచిన నోరు అలాగే మూసుకున్నాడు.

"నేనే ఏసిన సార్," అంది కమలాబాయి. "ఏ తొట్టో మర్చిపోయి ఏసిన."

"రేపటిసంది రాకు."

ఆమె కాళ్ళు కడుక్కుంది. గేటు దగ్గర ఆగి, "పో అన్నా, వదినకు నీళ్ళియ్యి. పిలుస్తనే ఉంది," అని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున నోవహు నాలుగో తొట్టికి మాడ్పు కొత్తగా మొదలుపెట్టాడు. మళ్ళీ మొదటి రోజు. తెడ్డు అందుకోబోతే, గోడ మేకుకు కమలాబాయి తలకు చుట్టుకునే తువ్వాలు వేలాడుతోంది. దాని కొసన ముడిలో సగం కొరికిన వక్క ఒకటి.