మద్రాసు కార్డు

మైపాడు దగ్గర చేపలవాళ్ల పాళెంలో ఎం.ఏ. చదివిన మొదటివాడు పోలేరయ్య. 1961లో ఇంగ్లీషు చెప్పడానికి రమ్మని మద్రాసు కాలేజీ నుంచి ఒక కార్డు, హైదరాబాదు నుంచి ఒక కార్డు వచ్చాయి. మద్రాసైతే అమ్మ పేరమ్మ ఎండుచేపల గంపతో కాలేజీ గేటు దగ్గరికే వచ్చేస్తుందని అతని భయం.

"మద్రాసువాళ్లు వద్దన్నారమ్మా, హైదరాబాదే పోవాల" అన్నాడు.

చేపలు ఆరబోస్తున్న పేరమ్మ చేతులు ఆగాయి. "ఆ కార్డు పోస్టుమాను నాకు చదివి చెప్పినాడు అబ్బయా. మద్రాసుకే పో. నేను రానులే."

పోలేరయ్యకు తల కొట్టేసినట్టయింది. మర్నాడే మద్రాసుకు ఒప్పుకుంటూ జాబు రాశాడు.

ఆ తర్వాత ఎన్నేళ్లు బతిమాలినా పేరమ్మ మద్రాసు గడప తొక్కలేదు.