జయరావు ఆటపెట్టె

చిత్తూరులో క్రైస్తవుల ఇళ్ళలో ఎవరైనా పోతే మొదటి కబురు చర్చి అయ్యగారికి, రెండో కబురు వడ్రంగి రాజారత్నానికి వెళ్ళేది. మంచాలూ బెంచీలూ చేసేవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నా, శవపెట్టె చేసేవాడు మాత్రం అతనొక్కడే. వాళ్ళ నాయన ఇచ్చిపోయిన టేకు కొలబద్ద చంకన పెట్టుకుని వెళ్ళేవాడు. పడుకోబెట్టిన మనిషికి తల నుంచి మడమ దాకా ఒకసారి, భుజాలకు అడ్డంగా ఒకసారి బద్ద ఆనించి, దాని మీదే పెన్సిలుతో గీతలు పెట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా వచ్చేసేవాడు. ఆ నాయనకూ, తర్వాత అమ్మకూ కూడా అలాగే కొలత తీశాడు.

అందుకే అతనికొక పట్టింపు ఉండేది. జబ్బుపడి మంచాన ఉన్న మనిషికి ఏ పనికైనా సరే కొలత తీయడు. "ఇంకో బద్ద కొనుక్కోకూడదా?" అని భార్య ఆనందమ్మ ఒకసారి అడిగితే, "బద్ద ఏదైతే ఏందే, చెయ్యి నాదే గదా" అన్నాడు.

ఎనభై అయిదులో, ఎండలు ముదిరే రోజుల్లో, తమ్ముడు జయరావు మద్రాసు నుంచి ఇంటికొచ్చాడు. రావడం కాదు, తీసుకొచ్చారు. ఇరవై ఆరేళ్ళవాడు. మూత్రపిండాలు చెడిపోయాయి, ఇంట్లో పెట్టుకుని చూసుకోండి అన్నారు పెద్ద డాక్టర్లు. కాళ్ళు వాచాయి, పొట్ట ఉబ్బింది. వెంట ఒక రేకు పెట్టె తెచ్చుకున్నాడు. అందులో బట్టలు రెండు జతలే. మిగతాదంతా తీగలు, ఒక ఆకుపచ్చ పలక, నల్ల గుండు ఉన్న ఇనుప పుల్ల, గుడ్డలో చుట్టిన చిన్న టీవీ.

మద్రాసులో వాడు వీడియో ఆటల కొట్లో మెకానిక్కు. పాడైన మిషను ఒకటి పారేస్తుంటే ఓనరును అడిగి లోపలి సరుకు తెచ్చుకున్నాడు.

"ఆ మిషను మనిషంత ఎత్తు ఉంటాదన్నా. నిలబడే ఆడాల," అన్నాడు జయరావు. "నాలుగేండ్లు రిపేరు చేసినాను గానీ, ఒక్క ఆట కడదాకా ఆడిన పాపాన పోలేదు. బాగైందా లేదా అని సూసేదానికి రెండు నిమిషాలు, అంతే. ఇప్పుడు ఆడదామంటే నిలబడేదానికి లేదు. నువ్వు మంచం మీద పెట్టుకునేట్టు చిన్న పెట్టె చెయ్యన్నా. కాళ్ళు దూరేదానికి కింద దారి వదులు, తొడల మీదుగా జరుపుకుంటే పొట్ట కాడికి రావాల. నేను చేసిన మిషన్లో నేను ఒక్క ఆట ఆడాల."

రాజారత్నం కళ్ళు మెరిశాయి. పెట్టెలు ఎన్నో చేశాడు గానీ, మనిషి కావాలని అడిగి చేయించుకునే పెట్టె ఇదే. ఆ సాయంత్రమే కొట్టుకెళ్ళి మంచి చెక్క ఏరుకొచ్చాడు.

"కొలత తీసుకోన్నా," అన్నాడు జయరావు మర్నాడు.

"అక్కర్లేదులే. నిన్ను ఎత్తుకుని పెంచినోన్ని, నాకు తెలీదా నీ కొలత?"

"అప్పుడు బక్కోన్ని. ఇప్పుడు సూడు, ఎట్లుండానో."

"వాపు తగ్గిపోతాది. నోరు మూసుకుని పడుకో."

ఆ మొండితనాన్ని ఏమనాలో నాకు తెలీదు. ఆ పెద్దమనిషి దొడ్లోకెళ్ళి, పోయిన క్రిస్మస్‌కు జయరావు కుట్టించుకున్న ప్యాంటు తీగ మీద ఆరేసి, దానికి కొలత తీశాడు. నడుం, తొడలు, అన్నీ. దాని మీద రెండు వేళ్ళ వదులు పెట్టాడు. అంతకంటే ఎక్కువ పెడితే ఈ వాపు ఇక తగ్గదని తనే ఒప్పుకున్నట్టు కదా. ఆ పని అతని వల్ల కాలేదు.

పది రోజులు పట్టింది. పెద్ద మిషనుకు ఉన్నవన్నీ ఈ చిన్నదానికీ ఉన్నాయి. నెత్తిన రంగుల పలక, వాలుగా టీవీ అద్దం, దాని ముందు ఆట నడిపే పుల్ల, రెండు ఎర్ర మీటలు. తీగలన్నీ జయరావే పడుకుని అతికాడు. పావుగంట అతికితే గంట నిద్రపోయేవాడు.

పదకొండో రోజు పొద్దున రాజారత్నం, ఆనందమ్మ కలిసి పెట్టెను మంచం మీదికి ఎత్తారు. పాదాలు దాటింది. మోకాళ్ళు దాటింది. తొడల దగ్గర పట్టేసింది. రాజారత్నం కొంచెం నెట్టాడు. జయరావు పళ్ళు బిగించాడు. ఇక నెట్టలేదు.

జయరావు చేతులు చాచాడు. పుల్లకూ వేళ్ళకూ మధ్య జానెడు దూరం మిగిలింది. ముందుకు వంగడానికి పొట్ట అడ్డం, పక్కకు తిరగడానికి ఓపిక లేదు.

ఈలోగా ఆట దానంతటదే మొదలైంది. పైనుంచి పురుగులు వరసలు కట్టి దిగుతున్నాయి. కింద చిన్న తుపాకి ఒకటి, నడిపేవాడు లేక ఉన్నచోటే నిలబడి ఉంది. దానికి మూడు ప్రాణాలు. ముగ్గురూ చూస్తుండగానే ఒకటి పోయింది, రెండోది పోయింది, మూడోదీ పోయింది.

"నువ్వు చెప్పు, ఎటు తిప్పమంటే అటు తిప్పుతాను," అన్నాడు రాజారత్నం.

"అట్లయితే అది నీ ఆటన్నా," అని నవ్వాడు జయరావు. "ఇప్పుడన్నా కొలత తీసుకో. నీ పట్టింపు పక్కన పెట్టి."

రాజారత్నం బద్ద తేలేదు. చూపుతోనే అంచనా కట్టుకుని పెట్టెను దొడ్లో పాకలోకి మోసుకుపోయాడు. పక్క చెక్కలు కోసి, దారి వెడల్పు చేసి, పుల్లను ముందుకు జరిపి, బంక పూసి తాళ్ళతో బిగించి కట్టాడు. బంక ఆరడానికి ఒక పగలు కావాలి. "రేపు సాయంత్రం ఆడుకుందువులే," అని చెప్పాడు. జయరావు సరేనన్నాడు.

ఆ రేపు మధ్యాహ్నం, ఆనందమ్మ గంజి పట్టుకొచ్చేసరికి జయరావు లేడు.

శవపెట్టె చేయడానికి వేలూరు నుంచి ఎవరినైనా పిలిపిద్దాం, నీ చేతులతో వద్దు అన్నారు చర్చివాళ్ళు. రాజారత్నం వినలేదు. కొలబద్ద తీసుకుని తమ్ముడి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తల నుంచి మడమ దాకా కొలిచాడు. భుజాలకు అడ్డంగా కొలిచాడు. అక్కడితో లేవాల్సినవాడు లేవలేదు. తొడల వెడల్పు కొలిచాడు. పొట్ట ఎత్తు కొలిచాడు. భుజం నుంచి వేలి కొస దాకా, కుడి చెయ్యి ఒకసారి, ఎడమ చెయ్యి ఒకసారి కొలిచాడు.

"అవన్నీ ఎందుకయ్యా ఇప్పుడు?" అంది ఆనందమ్మ ఏడుస్తూ.

అతను బద్ద పట్టుకుని పాకలోకి వెళ్ళాడు. బంక ఆరిపోయింది. ఆటపెట్టె కట్లు విప్పి, తొడల గీతను దారికి ఆనించి చూశాడు. చేతి గీతను పుల్ల దాకా పెట్టి చూశాడు. వేలెడు వదులు కూడా మిగిలింది. పన్నెండు రోజుల కింద ఒక్క నిమిషం పట్టే పని.

"సరిపోయిందిరా జయా," అన్నాడు గట్టిగా, లోపల మంచం మీదున్న వాడికి వినపడాలన్నట్టు. "సరిపోయింది."