గోడ మీద కొత్త చార్టు

"అటు కాదే పెద్దయ్యా, కిందికి. కాళ్లు కిందికున్నయి, సూడు."

ములుగు నుంచి వచ్చిన ముసలాయన కంటికి అట్టముక్క అడ్డం పెట్టి చిలుకమ్మ అతని చెయ్యి కిందికి తిప్పింది. చార్టు నిండా ఇంగ్లీషు E అక్షరంలా మూడు కాళ్ల బొమ్మలు. చదువు రానివాళ్లు అవి ఎటు తిరిగి ఉన్నాయో చేత్తో చూపాలి, తప్పితే చిలుకమ్మ దిద్దాలి. ఆ కంటి దవాఖానలో ఆమె చేరిన నాటి నుంచీ ఇదే పని. పొట్టి మనిషి, కొంగు నడుములో దోపుకుని, స్పిరిటు వాసన వదలని చేతులతో రోజంతా నిలబడే ఉంటుంది.

నిజానికి ఆమెకు గోడ కనిపిస్తుంది గానీ బొమ్మలు కనిపించవు. రెండు కళ్లకూ పొర కమ్మింది. వరసలన్నీ నోటికి రావడం వల్ల నడిచిపోతోంది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టే. చెబితే ఆపరేషన్ అంటారు. మగ్గం నేసే భర్త కట్టయ్యకు ఎప్పుడో ఒక శిబిరంలో కోసిన కన్ను చీము పట్టి పోయింది. మగ్గం దిగి మూలన కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. కత్తి అంటే ఆమెకు చచ్చేంత భయం.

చార్టు మారుస్తారేమోనని ఆ రోజు పొద్దుటి నుంచి చిలుకమ్మకు కాలు నిలవడం లేదు. ఆపరేషన్‌కు ముందు చూపెంత, తర్వాత ఎంత అని డాక్టర్ సుభాషిణి పరిశోధన తలపెట్టింది. పరీక్షలు చేసే ఉపేందర్‌తో ఆమె మాట్లాడుతుంటే చిలుకమ్మ తుడిచిన బల్లే మళ్లీ తుడిచింది.

"లైన్ల కూసున్నోళ్లు ముందోళ్లు చెప్పేది వింటాండ్లు మేడం. పాత చార్టుతోని లెక్క తప్పుతది," అన్నాడు ఉపేందర్.

"అయితే మార్చుదాం. ముందు మన స్టాఫ్ మీద చూద్దాం. చిలుకమ్మా, కూర్చో."

ఉపేందర్ కొత్త చార్టు తగిలించాడు. ఆమె రోగుల స్టూలు మీద కూర్చుంది. తడుముకోకుండా చూపించింది: కుడికి, కిందికి, పైకి, ఎడమకు. అంతా పాత చార్టు వరసే. ఉపేందర్ తల దించుకున్నాడు.

సుభాషిణి టార్చి వేసి ఆమె కళ్లు చూసింది.

"ఎన్నాళ్ల నుంచి దాస్తున్నవు?"

"భయమైందమ్మా."

"బాగా ముదిరినయి. రేపు పొద్దున కుడికన్ను నేనే చేస్త. ఫికర్ చేయకు. మా లెక్కల మొదటి పేరు నీదే."

"మంచిదమ్మా. జర చాయ తెస్త," అని చిలుకమ్మ లేచింది. ఫ్లాస్కు మాత్రం తీసుకోలేదు.

గుమ్మం బయట రోగుల చెప్పులు గుట్టగా పడి ఉన్నాయి. కాలితో తడిమి, దొరికినవాటిలో పాదాలు దూర్చి, గోడ పట్టుకుని గబగబా మెట్లు దిగింది. హసన్‌పర్తి వైపు వెళ్లే ఆటో ఆగగానే ఎక్కేసింది.

మర్నాడు సుభాషిణి ఆపరేషన్ గది సిద్ధం చేసి ఎదురు చూసింది. ఫోను ఎవరూ ఎత్తలేదు. వారం తిరిగినా చిలుకమ్మ రాలేదు.

గుమ్మం పక్కన మాత్రం ఎవరూ తీసుకుపోని రెండు చెప్పులు మిగిలాయి: ఎవరిదో మగవాళ్ల తోలు చెప్పు ఒకటి, తెగిన పట్టీకి పిన్నీసు పెట్టిన చిలుకమ్మ రబ్బరు చెప్పు ఒకటి.