గోల్డు గారి మొదటి వరుస

విమానాశ్రయంలో ఆ లిఫ్టు మెకానిక్కు తన బంగారు రంగు కార్డును కౌంటరు మీద పెట్టిన తీరు చూస్తే, విమానం ఆయన సొంతదేమో అనుకోవాలి. తోటి పనివాళ్లు ఆయన్ని గోల్డు అని పిలిచేది ఆ కార్డు వల్లే. తొమ్మిదేళ్లు ఒకే విమాన కంపెనీని పట్టుకుని వేలాడితే దక్కింది. రోజంతా గ్రీజులో మునిగే చేతులు, ఆ కార్డు తీసేటప్పుడు మాత్రం సబ్బుతో కడిగేవాడు.

ఆ కార్డున్నవాళ్లు ఇంట్లో ఒకరిని మొదటి వరుస వెడల్పాటి సీట్లో ఉచితంగా కూర్చోబెట్టుకోవచ్చు. పక్కన చేతికర్రతో నిలబడ్డ భార్యకు మోకాలి ఆపరేషనై రెండు నెలలైంది. కాలు మడిస్తే ప్రాణం పోయినంత పనవుతోంది. ప్రయాణం ఐదు గంటలు. అక్కడ ఆమె అక్క మంచం పట్టి చెల్లెలి కోసం ఎదురుచూస్తోంది. "నేనున్నానుగా, కాలు బార్లా చాపుకుని పడుకుందువుగాని" అని ఆయన నెల్లాళ్లుగా చెబుతున్నాడు.

కౌంటరు అమ్మాయి కంప్యూటర్లో చూసి, "ఆ సౌకర్యం తీసేశారు సార్. ఒకటో తారీఖు నుంచి డైమండ్ కార్డుకే. మీకు మెయిల్ కూడా పంపించాం" అంది.

"ఏం మెయిల్?"

"మీ విశ్వాసానికి కృతజ్ఞతలు అని ఉంటుంది సార్. ఈ సంగతి దాని కింద రాశారు."

ఆయనకు కోపం నషాళానికంటింది. "కుక్క విశ్వాసంగా ఉంటే దానికైనా ఇంత ముద్ద పడేస్తారమ్మా. మీరు ఉన్న గిన్నె కూడా లాక్కుని కృతజ్ఞతలు చెబుతున్నారు. సరే, డబ్బు కడతాను, ఆ సీటివ్వు."

"మొదటి వరుస నిండిపోయింది సార్."

"పోనీలెండి," అంది భార్య. "ఆ అమ్మాయి మాత్రం ఏం చేస్తుంది?"

"నువ్వూరుకో." ఆయన బల్ల మీద అరచేత్తో చరిచాడు. వెనక వరుసలో జనం తలలెత్తి చూశారు. చూడనీ అనుకున్నాడు. తొమ్మిదేళ్ల చాకిరీ ఎవడో కుర్చీలో కూర్చుని ఒక్క గీతతో కొట్టేస్తే మెల్లగా మాట్లాడాలా? "ఏడాదికి నూట నలభైసార్లు ఎక్కితేగాని ఈ కార్డు నిలవదు. బయటూళ్లో ఆస్పత్రి లిఫ్టులు చూసి గురువారం గురువారం ఇంటికొస్తూ, నేరుగా వచ్చే విమానం వదిలేసి, ఇంకో ఊళ్లో దిగి, నాలుగు గంటలు పడిగాపులు పడి రెండోది ఎక్కేవాణ్ని. ఒకటెక్కితే ఒకటే లెక్క, రెండెక్కితే రెండు. తొమ్మిదేళ్లు మీ కోసం అలా తిరిగాను."

చెప్పాల్సింది చెప్పేశానన్న తృప్తితో ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. పక్కన చేతికర్ర చప్పుడైంది. భార్య కౌంటరుకు దగ్గరగా జరిగి, ఆ ఆస్పత్రి ఉన్న ఊరి పేరు చెప్పింది.

"ఆ ఊరి నుంచి ఇక్కడికి నేరుగా విమానముందా అమ్మా?"

"ఉంది మేడమ్. సాయంత్రం ఐదున్నరకి. యాభై నిమిషాల్లో వచ్చేస్తుంది."

"ఎప్పటినుంచి?"

"నేను చేరకముందు నుంచీ ఉందండీ. పన్నెండేళ్లయింది."

ఆమె భర్త వైపు తిరిగింది. "లేదన్నారుగా."

ఆయన కార్డును ఆమె వైపు జరిపాడు. "ఎప్పటికైనా నిన్ను ముందు వరుసలో..."

"నేనడిగానా?" ఆమె గొంతు పెంచలేదు. "నాన్నొచ్చాకే తింటానని పాప గురువారం గురువారం కంచం ముందే నిద్రపోయేది. పాపం విమానాలు లేవమ్మా, నాన్న మాత్రం ఏం చేస్తాడు అని ఎత్తుకెళ్లి పడుకోబెట్టేదాన్ని. నా నోటితో నాచేతే అబద్ధం చెప్పించారు, తొమ్మిదేళ్లు. దానికిప్పుడు పదిహేనేళ్లు. మీరు ఇంట్లో ఉన్నా పక్క గదిలో తింటోంది."

కార్డు మీద కోపం ఎటు పోయిందో ఆయనకే తెలియలేదు. కార్డు తీసి జేబులో వేసుకున్నాడు.

కౌంటరు అమ్మాయి ఇబ్బందిగా తెరవైపే చూస్తూ, "చివరి వరుసలో మూడు సీట్లు ఖాళీ ఉన్నాయి మేడమ్. సార్ ఆ చివర కూర్చుంటే మధ్య సీటు మీద మీరు కాలు చాపుకోవచ్చు" అంది.

"నాకది ఇవ్వమ్మా. ఆయన్ని వేరే వరుసలో వెయ్యి" అంది ఆమె. "నాకు దూరంగా కూర్చోవడం ఆయనకు అలవాటే."